మూడో అంతస్తు నుంచి కింది అంతస్తుకి 225 రోజులు

టిడ్కో ఇల్లు, అంటే పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టించే అపార్టుమెంటు ఇల్లు, లాటరీలో పై అంతస్తులో వచ్చి, ఇంట్లో మెట్లెక్కలేని మనిషి ఉన్నవాళ్లు మా కాలనీలోనే చాలామంది ఉన్నారు. కిందికి మార్పించుకోవచ్చా అని నన్ను అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ గుమ్మం దగ్గర నిలబడి చెప్పేకంటే, మొదటి నుంచి జరిగింది జరిగినట్టు రాసేస్తే మేలని కూర్చున్నాను. మార్పించుకోవచ్చు. మాకు 225 రోజులు పట్టింది.

మాది పశ్చిమ గోదావరి జిల్లా. 2017 ఆగస్టులో దరఖాస్తు పెట్టాం. అప్పుడు కాలువ గట్టు మీద రేకుల షెడ్డులో ఉండేవాళ్లం. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో పని, నేను లేసు అల్లుతాను. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి అయిదు. మా అత్తగారు మా మరిది దగ్గర, వేరే ఊళ్లో ఉండేవారు. ఇళ్లు మూడు రకాలని చెప్పారు. 300 అడుగులది, 365 అడుగులది, 430 అడుగులది. మొదటి రెండింటిలో పడగ్గది ఒకటే, 430 అయితే రెండు. 300 దానికి ముందుగా 500 రూపాయలు కడితే చాలు. 365 దానికి మా వాటా 50 వేలు, 430 దానికి లక్ష. మా ఆయన పెద్దదే రాయిద్దామన్నారు. లక్ష ఎక్కడి నుంచి తెస్తామని నేనే పట్టుబట్టి 365 రాయించాను. దరఖాస్తులో కుటుంబ సభ్యులు ఎంతమంది అన్నచోట నలుగురు అని రాశాం. అప్పటికి అది నిజమే.

12,500 చొప్పున రెండు విడతలు డీడీ తీశాం. ఒకటి డ్వాక్రా లోనులోంచి, రెండోది నా గాజులు తాకట్టు పెట్టి. తర్వాత వాటాని సగానికి తగ్గించారు కాబట్టి మేం కట్టిన 25 వేలతో సరిపోయింది.

2019 ఫిబ్రవరిలో కల్యాణ మండపంలో లాటరీ తీశారు. మాకు మూడో అంతస్తు వచ్చింది. ఆ రోజు నేను చాలా సంతోషపడ్డాను. గట్టు మీద బతికినవాళ్లకి ఎత్తు అంటే ఎంత ధైర్యమో తెలుసు. కాలువలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ముసురు పట్టిందంటే మంచం కింద చెమ్మ వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన బురద వాసన, దోమలు. మూడో అంతస్తు అంటే ఇవేవీ ఉండవు కదా అనుకున్నాం. దారిలో స్వీట్లు కొనుక్కుని ఇంటికొచ్చాం.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. కరోనా వచ్చింది, పోయింది. 2021 నవంబరులో మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట కొంత తిరిగొచ్చింది, నడక మాత్రం రాలేదు. అప్పటికే మా తోడికోడలు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఏడాదైంది. మరిది ఒక్కడే ఆడమనిషికి సేవ ఎలా చేస్తాడు? 2022 సంక్రాంతికి ముందు మేమే వెళ్లి ఆవిడని తెచ్చుకున్నాం. కొడుకు మారారు అంతే అనుకున్నాం తప్ప, కాగితాల్లో కూడా మార్పించాలని ఎవరికీ తట్టలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

2025 మార్చి ఆఖర్లో వార్డు సచివాలయం నుంచి ఫోను వచ్చింది. బ్యాంకు లోనుకి, రిజిస్ట్రేషన్‌కి కాగితాలు సిద్ధం చేసుకోమన్నారు. ఏప్రిల్ 6 శ్రీరామనవమి, ఆదివారం. ఆయనకి సెలవు. పందిట్లో పానకం తాగి, అత్తగారిని ఆటోలో ఎక్కించుకుని ఇల్లు చూపించడానికి వెళ్లాం.

లిఫ్టు ఉండదని మాకు తెలుసు. తెలియడం వేరు, ఆ మెట్ల ముందు నిలబడటం వేరు. ఆవిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు మా ఆయన, వెనక మా తమ్ముడు పట్టుకుని ఎత్తారు. మలుపు దగ్గర కుర్చీ తిరగలేదు. ఒక వైపు వంచితే ఆవిడ ఎడమ చేత్తో ఆయన చొక్కా పట్టేసుకున్నారు. బటన్లు రెండు ఊడిపోయాయి. బాబు వెనక నుంచి మెట్లు లెక్కపెడుతున్నాడు. 54. పైకి చేరాక ఆవిడ కుర్చీలోనే కూర్చుని, గదులు చూడకుండా కళ్లు మూసుకున్నారు. దిగేటప్పుడు ఇంకా కష్టమైంది.

ఆ రాత్రి అన్నం పెడుతుంటే అన్నారు, "నన్నిక్కడే ఉంచేయండమ్మా. ఈ గట్టు మీదే. ఒక పూట అన్నం పంపినా చాలు." ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. మా ఇద్దరి మధ్యా అదే మాట మెదులుతోంది కాబట్టి ఇంకా ఏడుపొచ్చింది. ఆవిడని మళ్లీ మరిది దగ్గరికి పంపడమా, ఇల్లు వదులుకోవడమా, ఎవరో ఒకరం గట్టు మీదే ఉండిపోవడమా అని ఆ మెట్లు దిగినప్పటి నుంచీ లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాం.

ఏప్రిల్ 8 మంగళవారం ఆఫీసుకి వెళ్లాను. నా లెక్క ఆ రోజు నుంచే. ఏ ఆఫీసో, ఎవరో పేర్లు రాయను. "లాటరీలో వచ్చింది, ఆన్‌లైన్‌లో ఎక్కేసింది. మీకు మారిస్తే రేపు అందరూ వస్తారమ్మా" అన్నారు. నేను తెల్లకాగితం మీద రాసుకెళ్లిన అర్జీ చదవకుండానే వెనక్కిచ్చారు. ఎనిమిదేళ్ల కిందట మా ఇంట్లో ఎవరున్నారో చూసి ఇల్లు రాశారు. ఆరేళ్ల కిందట చీటీ తీశారు. ఇప్పుడు తాళం ఇస్తున్నారు. తాళం ఇచ్చే ముందు ఆ ఇంట్లోకి ఎవరు వస్తున్నారో ఒక్కసారి అడగాలని ఎవరికీ అనిపించలేదు. నలభై ఏళ్లవాడికి ఎనిమిదేళ్లలో పెద్ద తేడా తెలియకపోవచ్చు. ముసలివాళ్లకీ పిల్లలకీ ఎనిమిదేళ్లంటే మనిషే మారిపోతాడు. మా పాప అప్పుడు నా పక్కలో పడుకునేది, ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది. చదువుకోవడానికి తనకో మూల కావాలి.

మొదటి తప్పు నాదే. అర్జీ చేతికిస్తే వెనక్కిచ్చారని తిరిగొచ్చేశాను. అలా చేయకండి. టపాలు తీసుకునే దగ్గర ఇచ్చి, మీ కాపీ మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. రెండోసారి అలా చేశాకే నా అర్జీకి ఒక ఉనికి వచ్చింది.

మా పాప ఫోనులో వెతికి, ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ మార్గదర్శకాలు పట్టుకుంది. ఈ ఇళ్లకి కేంద్రం ఇచ్చే లక్షన్నర ఆ పథకం నుంచే వస్తుంది. వికలాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకి వీలైనంతవరకు నేల అంతస్తులో గానీ కింది అంతస్తుల్లో గానీ ఇల్లు కేటాయించాలని అందులో ఉంది. ఆ పేజీ ప్రింటు తీయించి, ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీసింది. "వీలైనంతవరకు" అన్న మాట వల్ల అది గట్టి హక్కు కాదు. కానీ నేను దయ చూపించమని అడుక్కోవడం లేదని, రాసి ఉన్నదే అడుగుతున్నానని ఆ కాగితం వల్ల నాకే ధైర్యం వచ్చింది. అప్పటి నుంచి ఆఫీసులో నా గొంతు మారింది.

అయితే వికలాంగురాలని ఎవరు చెప్పాలి? కంటికి కనిపిస్తే చాలదు, వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ కావాలి. ఆవిడకి వచ్చేది వితంతు పింఛను, దాంతో ఈ పని జరగదు. సచివాలయంలో స్లాటు బుక్ చేస్తే మే 27కి వచ్చింది. ఆస్పత్రికి ఆటోలో రానూపోనూ 700. పొద్దున్న ఏడున్నరకి వెళ్లాం, పిలుపు మధ్యాహ్నం రెండు దాటాక వచ్చింది. ఎండాకాలం. మజ్జిగ సీసా, తడిగుడ్డ, మార్చడానికి ఒక చీర తీసుకెళ్లండి. మేం చీర తీసుకెళ్లలేదు. ఆవిడ ఆ తడితోనే మూడు గంటలు కూర్చుని, నాతో కూడా చెప్పలేదు. డాక్టరుగారు మాత్రం నెమ్మదిగా, గౌరవంగా చూశారు. "చెయ్యెత్తండి పెద్దమ్మా" అంటే ఎత్తలేకపోయినందుకు ఈవిడ ఆయనకి సారీ చెప్పినట్టు తల ఊపారు. జూన్ 18న సర్టిఫికెట్ వచ్చింది. 70 శాతం.

ఈలోపు జూన్‌లో రెండుసార్లు బ్యాంకు సంతకాలకి రమ్మన్నారు. చుట్టుపక్కలవాళ్లు, ముందు రిజిస్ట్రేషన్ అయిపోనీ, అంతస్తు సంగతి తర్వాత చూసుకోవచ్చు అన్నారు. సచివాలయంలో ఒక అమ్మాయి మాత్రం చెవిలో చెప్పినట్టు చెప్పింది. "అక్కా, సంతకం పెడితే ఆ ఇంటి మీద లోను ఎక్కేస్తుంది. తర్వాత మార్చడం చాలా కష్టం. మార్పు అయ్యాకే పెట్టు." నేను వెళ్లలేదు. ఇల్లు పోతుందేమోనన్న టెన్షన్‌తో ఆ నెలంతా నిద్ర లేదు. లేసు అల్లుతుంటే కుట్లు తప్పి, విప్పి మళ్లీ అల్లినవే ఎక్కువ. అయినా ఈ మొత్తంలో నేను చేసిన సరైన పని అదే. మిమ్మల్ని ఎంత తొందరపెట్టినా ఈ ఒక్కటీ ఆపండి.

జూన్ 30 సోమవారం భీమవరం కలెక్టరేట్‌కి వెళ్లాను. ప్రజా సమస్యల పరిష్కార వేదిక ప్రతి సోమవారం ఉంటుంది. అర్జీ రాసిపెట్టేవాళ్లు బయట ఉంటారు, కానీ నేను సొంతంగా రాసుకెళ్లాను. ఒక పేజీ దాటనివ్వలేదు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వయసులు, సదరం నంబరు, మాకు వచ్చిన అంతస్తు, మాకు కావాల్సింది. కష్టాలు రాస్తే పేజీలు నిండుతాయి, చదివే మనిషి ముందు వందమంది ఉంటారు. ఆధారు చూసి కంప్యూటర్లో ఎక్కించి రసీదు ఇచ్చారు. రెండు గంటల్లో బయటికొచ్చాను.

పదిహేను రోజుల తర్వాత ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఆయన పరుగున ఇంటికొచ్చారు. ఆఫీసుకి వెళ్లి అడిగితే, లాటరీ ద్వారా కేటాయించారు కాబట్టి మార్చడం సాధ్యం కాదని జవాబు రాసి మూసేశారట. పరిష్కారం అన్న మాటకి అర్థం అదని ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. పాపే అంది, "మళ్లీ తెరిపించొచ్చంట అమ్మా." జూలై 21 సోమవారం మళ్లీ భీమవరం. ఈసారి మూసేసిన రసీదు, మార్గదర్శకాల పేజీ, సదరం మూడూ కలిపి పిన్ను కొట్టి ఇచ్చాను. ఒక అధికారి ఆ ఎర్ర గీత చదివి, నా వైపు చూసి, దాని మీద ఏదో రాసి సంతకం పెట్టారు. పది రోజుల్లో మా ఊళ్లో విచారణకి వచ్చారు.

విచారణకి వచ్చినాయన మంచి మాటే చెప్పారు. "అమ్మా, కింద ఖాళీ ఇల్లు ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఎవరో ఒకరి పేరు మీద ఉన్నాయి. వాళ్లలో ఒకరు ఇష్టపడి పైకి వెళ్తానంటే, ఇద్దరూ రాసిస్తే, మేం పంపుతాం." ఇష్టపడేవాళ్లని ఎవరు వెతకాలి అని అడిగితే, మీరే అన్నారు.

సరే, నేనే వెతికాను. ఆగస్టు అంతా అదే పని. మాది 32 ఇళ్ల బ్లాకు, అంతస్తుకి ఎనిమిది. జాబితాలో పేర్లు చూసుకుని, సాయంత్రం లేసు పని ఆపేసి, ఒక నోటుబుక్కు పట్టుకుని ఇళ్లకి తిరిగాను. ఒకరు పాత బస్టాండు వెనకాల, ఒకరు పుంత పక్కన, ఒకరు అత్తారింట్లో. ప్రతి ఇంట్లో అవే ప్రశ్నలు అడిగాను. మీకు వచ్చింది ఏ అంతస్తు? ఇప్పుడు ఇంట్లో ఎంతమంది? మెట్లెక్కలేనివాళ్లు ఉన్నారా? పని ఎక్కడ?

ఆ నోటుబుక్కు ఇప్పటికీ దాచాను. ఎనిమిదేళ్లలో మనుషులు ఎలా కదిలిపోయారో అందులో ఉంది. రెండు గదుల 430 ఇంటికి లక్షా కూడబెట్టిన కుటుంబంలో కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయి, ఇప్పుడు భార్యాభర్తలే మిగిలారు. 300 అడుగుల ఇల్లు రాయించుకున్న చేపలమ్మే ఆవిడ ఇంట్లో, చనిపోయిన కొడుకు పిల్లలతో కలిపి ఆరుగురు. ఆవిడకి ఇంకో బాధ కూడా ఉంది. మా కాలనీ ఊరి చివర వరిచేలు కొని మెరక వేసి కట్టింది. మార్కెట్ మూడు కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి చేపల తట్టతో అంత దూరం ఆటో మాట్లాడుకుంటే ఏం మిగులుతుంది? రెండో అంతస్తు వచ్చిన ఒక పెద్దావిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఒంటరి మనిషి. ఇళ్లు సరిపోక కాదు ఈ కష్టం. ఎవరికి ఏది కావాలో అడిగి, ఉన్నవాటినే అటూ ఇటూ సర్దితే సగం ఇళ్లకి తిప్పలు తగ్గేవి. నోటుబుక్కులో గీతలు గీసి చూస్తే నాకే తెలిసింది. నాకు తెలిసింది పెద్ద ఆఫీసులకి ఎందుకు తెలియదు? నెల రోజులు ఇద్దరు మనుషులు తిరిగితే చాలు.

కింది అంతస్తు ఎనిమిది ఇళ్లలో ముసలివాళ్లు, నడవలేనివాళ్లు ఎవరూ లేనివి అయిదు. మొదటి ఇంటాయన 60 వేలు అడిగారు. కింద ఇంటికి గిరాకీ ఎక్కువని ఎవరో చెప్పారట. నేను దణ్ణం పెట్టి వచ్చేశాను. రెండో ఇంట్లో, ఆలోచించి చెప్తామన్నవాళ్లు మళ్లీ ఫోను ఎత్తలేదు. నాలుగో ఇంట్లో ఒక చిన్నపిల్ల, ఇరవై మూడేళ్లుంటాయి, ఒళ్లో ఏడాది బిడ్డ. భర్త రొయ్యల ప్లాంటులో నైట్ డ్యూటీ. అత్తగారి పేరు మీద వచ్చిన ఇల్లు, ఆవిడ పోయాక ఈ పిల్ల పేరు మీదకి మార్చారు. నేను చెప్పేది విని, సిగ్గుపడుతూ అంది. "మాకు కిందొచ్చిందని అందరూ అదృష్టం అంటున్నారు పిన్నిగారూ. నాకేమో రాత్రిళ్లు ఒక్కదాన్నీ కింద ఇంట్లో పడుకోవాలంటే భయం. ఎవరితో చెప్పాలో తెలీలేదు." ఆ మాట విని నేను ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయాను. మేం కిందికి రాలేక ఏడుస్తున్నాం, తను కింద ఉండలేక భయపడుతోంది. ఒకే బ్లాకులో. ఒకే సైజు ఇల్లు. నాలుగు నెలలుగా.

సెప్టెంబర్ 4న ఇద్దరం నోటరీ దగ్గర అఫిడవిట్లు చేయించాం. రెండింటికీ స్టాంపు పేపర్లతో కలిపి వెయ్యి రూపాయలు, ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. చేతులు మారిన డబ్బు అంతకు మించి లేదు. ఇద్దరి కేటాయింపు పత్రాలు, ఆధారు, రేషన్ కార్డు, ఫోటోలు నాలుగేసి కాపీలు. ఆ పిల్ల భర్త కూడా సంతకం పెట్టాడు. అది మంచిదయ్యింది, తర్వాత అడిగారు.

ఇక అయిపోయిందనుకున్నాను. సెప్టెంబర్ 26న ఫైలు తిరిగొచ్చింది. కారణం, సదరం ఉన్న మనిషి మా కుటుంబ సభ్యురాలు కాదట! రేషన్ కార్డులో మేం నలుగురమే. అత్తగారి పేరు మరిది కార్డులో ఉంది. మూడేళ్లుగా ఆవిడకి తినిపిస్తున్నది నేను, తుడుస్తున్నది నేను, కాగితం మాత్రం ఆవిడ ఇంకో ఊళ్లో ఉందంటోంది. కార్డులో చేర్పించబోతే కంప్యూటర్లో వచ్చే కారణాల్లో పుట్టుక ఉంది, పెళ్లి ఉంది. తల్లి ఒక కొడుకు దగ్గర నుంచి ఇంకో కొడుకు దగ్గరికి రావడం అన్నది లేదు. మన ఊళ్లలో ప్రతి వీధిలోనూ జరిగేదే కదా ఇది. చివరికి వార్డు రెవెన్యూ సెక్రటరీ వచ్చి, ఇరుగుపొరుగు అయిదుగురి సంతకాలతో ఆవిడ మా దగ్గరే ఉంటున్నారని విచారణ రిపోర్టు రాసిచ్చారు. మరిది దగ్గర కూడా ఒక ఒప్పుకోలు కాగితం తెప్పించాం. దీనికి 18 రోజులు పట్టింది. అందుకే మొదట్లో గుర్తుపెట్టుకోమన్నాను. పెద్దవాళ్లు మీ దగ్గరికి వచ్చిన నెలలోనే ఏదో ఒక కాగితంలో ఆ సంగతి ఎక్కించండి.

ఫైలు మళ్లీ వెళ్లింది. అక్టోబర్ 28న మొంథా తుఫాను వచ్చింది. తీరం దాటుతుందని పొద్దుటి నుంచీ మైకులో చెబుతూనే ఉన్నారు. గట్టు మీదవాళ్లందరినీ స్కూలుకి వెళ్లమన్నారు. సాయంత్రానికే గాలి మొదలైంది. అత్తగారిని దుప్పట్లో పడుకోబెట్టి నాలుగు చెంగులూ నలుగురు పట్టుకుని గట్టు వెంబడి మోశాం. వానలో బాబు ఆవిడ మొహం మీద పళ్లెం అడ్డుపెట్టి నడిచాడు. స్కూలు వరండాలో రాత్రంతా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. రేకులు కొట్టుకునే చప్పుడుకి పిల్లలు ఏడుస్తుంటే, నాకు ఒకటే ఆలోచన. తాళం వేసి ఉన్న ఇల్లు మూడు కిలోమీటర్ల దూరంలో గట్టి గోడలతో ఖాళీగా ఉంది. తెల్లారాక వెళ్లి చూస్తే మా షెడ్డు రేకులు మూడు లేవు. లేసు దారం పెట్టె తడిసి ముద్దయింది. అల్లి పెట్టినవి నాలుగు వేల రూపాయల సరుకు పోయింది.

30వ తేదీన ఆ పిల్లని తీసుకుని కాలనీకి వెళ్లాను. మెరక వేసిన చేను కదా, కింది ఇంట్లోకి నీళ్లు వచ్చాయేమో చూసుకోకుండా మారడం తప్పు. బ్లాకు చుట్టూ నీళ్లు నిలబడ్డాయి కానీ మూడు మెట్లలో రెండు మునిగి, మూడోది పొడిగా ఉంది. లోపలికి రాలేదు. గోడ మీద బొగ్గుతో ఆ నీటి గీత గీసుకున్నాను. మీరు కిందికి మారాలనుకుంటే పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లి చూడండి.

నవంబర్ 19 బుధవారం మార్పు ఉత్తర్వు వచ్చింది. సచివాలయం అమ్మాయే ఫోటో తీసి పంపింది. ఫోనులో ఇంటి నంబరు నాలుగుసార్లు చదివాను. అత్తగారి దగ్గరికి వెళ్లి "కిందే అత్తయ్యా" అన్నాను. ఆవిడ "మెట్లో?" అన్నారు. మూడే అన్నాను. ఎడమ చేత్తో మూడు వేళ్లు చూపించి, మళ్లీ అడిగారు.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. బ్యాంకులో సంతకాలు, 3 లక్షల 15 వేలు లోను, నెలకి 2,800 చిల్లర. నా పేరు మీదే రిజిస్ట్రేషన్. డిసెంబర్ 5న తాళాలు. మూఢం ఉంది, గృహప్రవేశం చేయకూడదన్నారు పెద్దలు. రేకులు లేని షెడ్డులో ఇంకో రెండు నెలలు ఎలా ఉంటాం? పాలు పొంగించుకుని, సామాను తెచ్చేసుకున్నాం. సత్యనారాయణ వ్రతం తర్వాత చేసుకుంటాం.

వచ్చాక తెలిసిన సంగతులు కొన్ని. గోడలన్నీ షీర్‌వాల్, గట్టి కాంక్రీటు. మేకు దిగదు. దేవుడి పటానికీ, దోమతెరకీ అన్నీ డ్రిల్లింగ్ మనిషిని పిలవాల్సిందే, కాబట్టి ఎక్కడెక్కడ కొక్కేలు కావాలో సున్నంతో గుర్తు పెట్టుకుని ఒకేసారి పిలవండి. మూడు మెట్ల మీద ఏటవాలుగా సిమెంటు వేయించడానికి 3,400 అయ్యింది. అది అందరూ నడిచే చోటు, పక్కిళ్లవాళ్లని ముందే అడిగాం, ఎవరూ కాదనలేదు. బాత్రూం గుమ్మం వీల్‌చైర్ కంటే రెండంగుళాలు తక్కువ. ఇది కొలుచుకోకపోవడం నా పొరపాటు. గోడ కొట్టడానికి వీల్లేదు. మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ 2,200 పెట్టి కొన్నాం, ఆవిడకి హాల్లోనే తెర కట్టి అవసరాలు తీరుస్తున్నాను. పాపకి మూల దొరకలేదు. పడగ్గదిలో మంచం ఎత్తేసి, పరీక్షలయ్యేదాకా ఆ గది తనకే ఇచ్చేశాం. మేమందరం హాల్లో. ఆయనకి ఐసు ఫ్యాక్టరీ దూరమైంది, సెకండ్ హ్యాండ్ సైకిలు కొన్నారు. ఈ ఎనిమిది నెలల్లో ఆయన మానేసిన పనిరోజులే తొమ్మిది, రోజుకి 700.

పై ఇంట్లో ఆ పిల్ల సర్దుకుంది. రాత్రి భర్త డ్యూటీకి వెళ్లాక తలుపు గడియ పెట్టుకుని, బాల్కనీలోంచి "పిన్నీ, పడుకుంటున్నా" అని కేకేస్తుంది. మా అత్తగారు లోపల నుంచి "ఊఁ" అంటారు.

పొద్దున్న ఆవిడ కుర్చీని ఏటవాలు దాకా తోసి, ఎండలో పెడతాను. వచ్చేపోయేవాళ్లందరినీ పలకరిస్తారు. నిన్న రెండో అంతస్తు మోకాళ్ల నొప్పుల పెద్దావిడ మెట్లు దిగి, మా ఏటవాలు దగ్గరే కూర్చుండిపోయి ఆయాసపడింది. నా నోటుబుక్కులో ఆవిడ పేరు ఉంది. కింది అంతస్తులో మార్పు గురించి నేను అడగని ఇల్లు ఒకటి ఇంకా ఉంది, వాళ్లిద్దరూ కుర్రవాళ్లే. రేపు సాయంత్రం వెళ్లి మాట్లాడతాను. సదరం స్లాటు కోసం ఆవిడ ఆధారు కాపీ తీసుకున్నాను. రేషన్ కార్డులో ఆవిడ ఒక్కరి పేరే ఉంది, ఆ తిప్పలు లేవు. సోమవారం భీమవరం వెళ్లేటప్పుడు అర్జీ నేనే రాసిస్తానని చెప్పాను. ఒక పేజీ.